అతికించిన గొంతు

ప్రచారం మైకు కట్టిన ఆటో వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది గానీ, చాప మీద కూర్చున్న నలుగురిలో ఒక్కరూ పేకముక్క దించలేదు.

వంతు అనౌన్సరుది. ఆయన చేతిలో ఏడు ముక్కలు విచ్చుకుని ఉన్నాయి, కళ్ళు మాత్రం కిటికీ దగ్గరే ఉండిపోయాయి. మామూలు ఆదివారమైతే ఈ పాటికి బావా బావమరుదులు ఒక జట్టు, వదినా మరదళ్ళు ఒక జట్టుగా రెండాటలు ముగిసి, ఓడిన జట్టు గొణుక్కుంటూ టీ పెట్టడానికి లేచి ఉండేది.

"ఇంకో చుట్టు తిరిగి వస్తుంది. ఈసారి మీరే సరిగ్గా వినండి బావా," అన్నాడు తమ్ముడు.

అద్దాలక్క తన ముక్కల్ని మూసి ఒళ్ళో పెట్టుకుంది. తండ్రి వదిలిపోయిన కళ్ళద్దాల కొట్లో ఇరవై మూడేళ్ళుగా కూర్చుంటున్నందుకు వీధి ఆమెకు పెట్టిన పేరది. ఆమె తమ్ముడు వార్డు ఎన్నికల్లో నిలబడ్డాడు. వచ్చే ఆదివారమే పోలింగు. వీధిలో తిరుగుతున్న ఆటో ప్రత్యర్థిది. అందులో మోగుతున్న గొంతు ఆమె భర్తది. ఇందులో ఏ ముక్కకి ముందు బాధపడాలో ఆమెకు తెలియడం లేదు.

ఆటో మళ్ళీ వచ్చింది.

"సొంత అక్క చదువు ఆగిపోతే చూస్తూ కూర్చున్న పెద్దమనిషి... మన ఆడపిల్లలకి కాలేజీ కట్టిస్తాడట! నమ్ముదామా? ఆలోచించండి!"

మధ్యలో తమ్ముడి పేరు వచ్చినచోట మాత్రం ఎవరో ముక్కుతో మాట్లాడే మనిషి గొంతు. ముందూ వెనకా అంతా అనౌన్సరే. గంభీరంగా, స్పష్టంగా, ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు.

"ఎవరి గొంతు బావా అది?"

"నాదే. కాదంటే మాత్రం నమ్ముతావా? ఊళ్ళో పసిపిల్లాడిని అడిగినా చెబుతాడు." అనౌన్సరు ముక్కలు కిందికి దించాడు. "కానీ నీ మీద నేను చెప్పలేదు."

మరదలు, తమ్ముడి భార్య, నవ్వింది. ఆ నవ్వులో నవ్వు తక్కువ. "గొంతు మీదే, చెప్పింది మాత్రం మీరు కాదు. బావుందండీ అన్నయ్యగారూ. మరి ఎవరు చెప్పారు, గోడ మీద బల్లా?"

అనౌన్సరు ముఖం చిన్నబోయింది. ఏడాదంతా ఆయన పని వేరు. బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పేది ఆయనే. బట్టల కొట్టులో తగ్గింపు ధరలు ఆఖరి మూడు రోజులేనని మూడు నెలలుగా చెబుతున్నదీ ఆయనే. ఎన్నికలొస్తే మాత్రం అన్ని పార్టీలకీ ఆ గొంతే కావాలి. ఈసారి బావమరిది నిలబడ్డాడు కాబట్టి, అతనికి వ్యతిరేకంగా ఒక్క మాట చదవనని రికార్డింగు వాళ్ళకి ముందే చెప్పేశాడు.

"ఎన్నికలప్పుడు ఎవరూ నిండు కాగితం పంపరు. ముక్కలు పంపుతారు," అన్నాడాయన. "పేరున్నచోట ఖాళీ వదిలెయ్యమంటారు. 'నమ్ముదామా' ఒక ముక్క. 'ఆలోచించండి' ఒక ముక్క. వాటిని వాళ్ళు ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించి అతికించుకుంటారు. ఒక్క ముక్క పది ఊళ్ళలో పదిమంది మీద వాడతారు. ఆ రోజు నూట పది ముక్కలు చదివాను. కళ్ళు చదువుతాయి, నోరు పలుకుతుంది, బుర్ర ఎక్కడో ఉంటుంది."

ఇది నిజం. ఎవరైనా పక్కన కూర్చుని మాట్లాడుతుంటే, ఏ అక్షరం మింగేశారో ఆయన చెవి పట్టేస్తుంది. ఏం చెప్పారో మాత్రం రెండోసారి అడుగుతాడు. పదిహేడేళ్ళుగా ఈ జబ్బుతో వేగుతున్నది అద్దాలక్కే.

"సరే బావా. 'ఆలోచించండి' పది ఊళ్ళకి పనికొస్తుంది, ఒప్పుకుంటాను. 'సొంత అక్క చదువు' ఎన్ని ఊళ్ళకి పనికొస్తుంది?"

"ఏ ఊళ్ళోనో ఏ అక్కో అనుకున్నాను."

"మీ ఇంట్లో ఉన్న అక్క గుర్తు రాలేదా?"

"ఎందుకొస్తుందయ్యా?" అనౌన్సరు గొంతు మొదటిసారి లేచింది. భార్య వైపు తిరిగాడు. "చదువు బోరు కొట్టి మానేశానని కదా నువ్వు నాకు చెప్పింది?"

ముగ్గురూ ఆమె వైపే చూశారు. అద్దాలక్క చాప అంచున లేచిన పుల్లని లోపలికి దోపడం మొదలుపెట్టింది.

"ఎప్పటి మాటో అది. ఇప్పుడెందుకు? మీ వంతు, ముక్క వెయ్యండి," అంది.

"కొట్టు కోసం నీ చదువు ఆగిందన్నది నీకూ నాకూ నాన్నకీ తప్ప ఇంకెవరికీ తెలియని మాట అక్కా," అన్నాడు తమ్ముడు. "నేనెవరికీ చెప్పలేదు. నాన్న లేచి వచ్చి చెప్పడు."

"నాకూ తెలీదు. పదిహేనేళ్ళయింది ఈ ఇంటి కోడలినై," అంది మరదలు భర్త వైపు చూస్తూ. "ఇంటింటికీ తిరిగి ఆడపిల్లల చదువు, ఆడపిల్లల చదువు అని నా చేత కరపత్రాలు పంచించారు. ఈ సంగతి ముందే నాతో ఒక్క ముక్క అనుంటే, ఇవాళ గుమ్మాల దగ్గర నా ముఖం కాస్త నిలబడేది."

తమ్ముడు లేచాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. మరదలు తన కాఫీ గ్లాసు కడిగి బోర్లించి మరీ వెళ్ళింది. ఆవిడకి కోపం వస్తే గిన్నెలు తళతళలాడతాయి.

సోమవారం కొట్లో కూర్చుని అద్దాలక్క తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచింది.

ఎన్నికలు రాకముందు ఈ కొట్టుకి వచ్చేవాళ్ళు ఫ్రేము పెట్టుకుని అద్దంలో తమ ముఖం చూసుకునేవాళ్ళు. ఇప్పుడు ఫ్రేము పెట్టుకుని ఆమె ముఖం చూస్తున్నారు. "ఏమంటారు మీ వాడు, గెలుస్తాడా?" అంటారు. గెలుస్తాడంటే పొగరంటారు, ఏమో అంటే సొంత అక్కకే నమ్మకం లేదంటారు. అందుకని ఆమె "దూరంచూపు సరిగ్గా ఉందా?" అని అడిగి ఊరుకుంటోంది.

ఓటు తమ్ముడికే. అందులో అనుమానం లేదు. కానీ మలుపు దగ్గర దీపం పెట్టించింది ఆ ప్రత్యర్థే. ఆ దీపం కింద నుంచే ఆమె రోజూ కొట్టు మూసుకుని ఇంటికొస్తుంది. తమ్ముడు సాయంకాలపు కాలేజీ పెడతానంటున్నాడు. పెట్టాలి కూడా. ఆ కరపత్రం చదివినప్పుడల్లా ఆమెకు ఒకవైపు గర్వం, ఇంకోవైపు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు. గర్వం ముందా, ముల్లు ముందా అంటే చెప్పలేదు. ఇలాంటి ఆలోచనలతో పేకాట ఆడలేం, పుస్తకం చదవలేం, మధ్యాహ్నం ఒక కునుకు కూడా తీయలేం. ఎన్నికలు మనుషుల దగ్గర ఓటు ఒక్కటే తీసుకుంటాయని ఎవరన్నారో గానీ, ముందు తీరికంతా ఊడ్చుకుపోతాయి.

ఐదింటికి కొట్టు మూసి పార్కుకి వెళ్ళింది.

పార్కులో నడక దారి గుండ్రంగా ఉంటుంది. నెల రోజులుగా తమ్ముడి మనుషులు కుడి నుంచి ఎడమకీ, అవతలి వాళ్ళు ఎడమ నుంచి కుడికీ నడుస్తున్నారు. ఎవరూ చెప్పుకుని చేసిన ఏర్పాటు కాదు. దానివల్ల ప్రతి చుట్టులో రెండుసార్లు ఎదురుపడి, రెండుసార్లు ఫోన్లు తీసి చూసుకోవలసి వస్తోంది. ఏ పక్షమూ లేనిది ఒక్క సిమెంటు బెంచీ. దాని మీద రిటైరైన నర్సమ్మగారు అల్లిక పట్టుకుని కూర్చుని ఉంటుంది.

"రామ్మా. నిన్న రాలేదేం?" అంది నర్సమ్మ. "మీ ఆయన గొంతు విన్నాను. ఎంత స్పష్టంగా ఉంది! మా అల్లుడైతే తెగ మెచ్చుకున్నాడు."

ఆవిడ అల్లుడు ప్రత్యర్థి ఆఫీసులో కూర్చుంటాడని అద్దాలక్కకి తెలుసు. తెలిసిన సంగతే ఇప్పుడు కొత్తగా తెలిసింది.

"పిన్నిగారూ, నా చదువు సంగతి వాళ్ళకెలా తెలిసిందంటారు?"

నర్సమ్మ సూదులు ఆపింది. "నేనే చెప్పాను. భోజనాల దగ్గర మాటల్లో వచ్చింది. నువ్వే కదమ్మా నాతో అన్నది?"

"నేనా?"

"ఆ కరపత్రం చూపించి నవ్వావు. నా ఒక్కదానికి లేని కాలేజీ ఊరందరికీ పెడతాడట అన్నావు. ఎందుకు లేదు నీకని అడిగాను. అరగంట చెప్పావు. దాచమని అనలేదే?"

అనలేదు. ఆ సాయంత్రం ఎండ తగ్గి గాలి బావుంది. ఇంట్లో తొందర పని లేదు. ఊసుపోక నోరు తెరిచింది, అంతే. ఇరవై మూడేళ్ళు కడుపులో దాచుకున్నది అరగంటలో బయటికొచ్చింది. చెప్పాక ఒళ్ళు తేలికై, ఆ రోజు రెండు చుట్లు ఎక్కువ నడిచింది కూడా.

"తప్పు చేశానా అమ్మాయ్?"

"అబ్బే, మీదేముందండీ," అని లేచింది అద్దాలక్క. కుడి నుంచి ఎడమకి నడక మొదలుపెట్టి, సగం దూరం పోయాక ఏం గుర్తొచ్చిందో వెనక్కి తిరిగింది. రెండు పక్షాల వాళ్ళూ ఆగి మరీ చూశారు.

ఇంటికి వచ్చేసరికి అనౌన్సరు గొంతు కోసం గోరువెచ్చని నీళ్ళు తాగుతున్నాడు.

"ఆ మాట బయటపెట్టింది నేనేనండీ. పార్కులో నర్సమ్మగారితో అన్నాను."

ఆయన గ్లాసు దించాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు.

"బెంచీ మీద కూర్చుని ఆవిడకి చెప్పావు. నాకు చెప్పలేదు."

"మీరెప్పుడూ అడగలేదు."

"బోరన్నావు, నమ్మాను. నమ్మడం కూడా తప్పేనా?" గ్లాసు పక్కకి నెట్టి ఆయనే అన్నాడు: "నీ సంగతి నా నోటితో చదివాను. ఒత్తులు సరిగ్గా పలికాయో లేదో చూసుకుని పక్క ముక్కకి పోయాను. అదీ నా తెలివి."

ఆమెకు ఆయన మీద జాలి కలిగింది. తన మీద కోపమొచ్చింది. కోపం అక్కడ ఆగకుండా ఇంకెవరి మీదికో పోబోయి, ఎవరి మీదికో తెలియక మళ్ళీ తన దగ్గరికే వచ్చింది.

బుధవారం పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. చేతిలో రాసుకొచ్చిన కాగితం. వెనకే మరదలు.

"శుక్రవారం సాయంత్రంతో ప్రచారం ఆఖరు. ఒక్క నిమిషం చాలు అక్కా. నీ నోటితో చెబితే ఇక ఎవరూ నోరెత్తరు."

"ముందు ఒక సంగతి వినరా. ఆ మాట నా నోటి నుంచే జారింది." పార్కు సంగతి చెప్పింది.

తమ్ముడు చేతిలో కాగితం సాపు చేసుకున్నాడు. "సరే. అయితే దాన్ని నువ్వే సరిదిద్దాలి," అన్నాడు.

న్యాయమైన మాటే అనిపించింది ఆమెకు. లేచింది.

అనౌన్సరు రికార్డింగు గది ఒకప్పుడు సామాన్ల గది. గోడలకి పాత దుప్పట్లు, తలుపుకి బొంత. చప్పుడని ఫ్యాను ఆపేయాలి. ముగ్గురు నిలబడితే చాలు, చెమట ధారకడుతుంది. మరదలు ఆటో వాడికి ఫోను చేస్తూ బయటే ఉండిపోయింది. అనౌన్సరు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీట నొక్కాడు. యంత్రం మీద ఎర్ర దీపం వెలిగింది.

"నేను మీ అద్దాలక్కని. నా చదువు ఎవరూ ఆపలేదు. నాన్నగారికి చెయ్యి వణుకుతుంటే, కొట్టు చూసుకోవడానికి నేనే ఇష్టపడి..."

ఆగిపోయింది.

"పర్లేదు. మళ్ళీ," అన్నాడు అనౌన్సరు.

రెండోసారి ఆగలేదు గానీ, 'ఇష్టపడి' అన్నది 'కష్టపడి' అన్నంత బరువుగా పలికింది. మూడోసారి మొత్తం చదివేసింది. తమ్ముడు చప్పట్లు కొట్టబోయాడు. అనౌన్సరు తల అడ్డంగా ఊపాడు.

"మాట స్పష్టంగానే ఉంది. ఆ ఒక్కచోట ఊపిరి ఆడటం లేదు. వినేవాళ్ళు పట్టేస్తారు."

"ఎవరు పట్టేస్తారు బావా, రోడ్డు మీద ఆటోలో?"

"నేను పట్టానుగా."

"అయితే మొదటిసారి అన్న ముక్క తీసి ఇక్కడ అతికించండి. మీకు అలవాటేగా!"

అన్నాక తమ్ముడే నాలిక కరుచుకున్నాడు. హెడ్‌ఫోన్లు ఒక చెవి మీది నుంచి జరిపి, అనౌన్సరు భార్య వైపు కుర్చీ తిప్పుకున్నాడు.

"నిజంగా ఇష్టపడే మానేశావా?"

ఇన్నేళ్ళలో ఆమెను ఈ మాట అడిగిన మనిషి లేడు. అడిగితే చెప్పడానికి బోలెడుందని అనుకుంటూ వచ్చింది.

"తెలీదండీ," అంది. "ఒకరోజు పొద్దున్నే నాన్న కొట్టు తాళాలు నా చేతిలో పెట్టాడు. నీ మనసు పెద్దదమ్మా అన్నాడు. ఎందుకన్నాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. తాళాలు పెట్టేశాక మనసు పెద్దదైతేనేం, చిన్నదైతేనేం? నన్నెవరూ అడగలేదు. ఆ రోజు నుంచీ నాన్నతో మామూలుగానే మాట్లాడాను, వండిపెట్టాను, ఆసుపత్రికి తిప్పాను. లోపల మాత్రం క్షమించలేదు. ఆయన పోయినరోజు కూడా."

"ఎవరూ అడగలేదా?"

"ఎవరూ అడగలేదు."

"మరి మామయ్యగారు ఆ మాట ఎందుకన్నట్టు?" అనౌన్సరు నెమ్మదిగా అన్నాడు. జన్మలో మొదటిసారి ఒత్తులు వదిలేసి అర్థం వింటున్నాడు. "అడిగితే ఒప్పుకున్నవాళ్ళతో కదా అలా అంటారు?"

అద్దాలక్క తమ్ముడి వైపు చూసింది. అతను కాగితాన్ని మడతమీద మడత పెడుతున్నాడు.

"నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదరా అప్పుడు. నువ్వు చెప్పు."

"పోలింగు నాలుగు రోజుల్లో పెట్టుకుని ఇప్పుడా అక్కా ఈ విచారణ?"

"ఇప్పుడే."

బయట మరదలు ఎవరికో ఇంటి గుర్తులు చెబుతోంది. కాగితం ఇక మడవడానికి లేనంత చిన్నదైపోయింది.

"నాన్న నన్ను మేడ మీదికి పంపాడు," అన్నాడు తమ్ముడు. "అక్క కొట్లో కూర్చుంటుందేమో అడిగి రా, కుదరదంటే ఒక ఏడాది నువ్వు కూర్చుందువుగాని అన్నాడు. నువ్వు అటు తిరిగి ఏదో రాసుకుంటున్నావు. తలుపు దాకా వచ్చాను. నా పరీక్ష పదిహేను రోజుల్లో ఉంది. పిలిస్తే నువ్వు కుదరదంటావేమోనని భయమేసింది అక్కా. పిలవలేదు. కిందికి దిగి, అక్క ఒప్పుకుందని చెప్పేశాను."

గదిలో ఉక్కపోత. అద్దాలక్కకి ముందు కోపం రాలేదు. తాళాలు ఇచ్చిన ఆ పొద్దున నాన్న కళ్ళు ఎందుకు తడిగా ఉన్నాయో అర్థమై, ఏడుపొచ్చింది. ఆయన కూతురికి దణ్ణం పెట్టినంత పని చేశాడు. కూతురు ఆయన్ని ఇరవై మూడేళ్ళు మనసులో దోషిగా నిలబెట్టింది. చచ్చిపోయిన మనిషి దగ్గరికి వెళ్ళి ఇప్పుడేమని చెప్పుకోవాలి? ఎదురుగా ఉన్నవాడు పద్దెనిమిదేళ్ళప్పుడు భయపడ్డ పిల్లాడా, రేపు ఊళ్ళో ఆడపిల్లల్ని చదివిస్తానంటున్న నాయకుడా? ఎవర్ని తిట్టాలి?

"అందుకేనక్కా ఆ కాలేజీ," అన్నాడు తమ్ముడు. "ఎవరి కోసం పెడుతున్నాననుకున్నావు?"

ఆమె నమ్మిందో లేదో ఆమెకే తెలియలేదు.

తమ్ముడు ముఖం తుడుచుకుంటూ యంత్రం మీద ఇంకా వెలుగుతున్న ఎర్ర దీపం చూసి, ఉలిక్కిపడ్డాడు. "బావా, అది ఆపలేదా?"

"ఆపలేదు," అన్నాడు అనౌన్సరు.

బొంత కట్టిన తలుపు మీద మరదలు రెండుసార్లు తట్టింది. "అయిందా వదినా? ఆటో వచ్చి నిలబడింది. రికార్డింగు ఇచ్చేస్తే ఇప్పుడే బయలుదేరతాడట."

అనౌన్సరు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. బావమరిది వైపు చూడలేదు.

"ఏది పంపమంటావు?" అని భార్యని అడిగాడు.